రీసెర్చ్ కోసం ట్రేడ్ జర్నల్స్: ఎలా గుర్తుపట్టాలి, ఎక్కడ వెతకాలి, ఎంతవరకు నమ్మాలి? – తరచుగా అడిగే ప్రశ్నలు

ఎంబీఏ ప్రాజెక్టు రాసేవాళ్లు, పీహెచ్‌డీ చేసేవాళ్లు, బిజినెస్ వార్తలు రాసే విలేకరులు, కొత్తగా వ్యాపారంలోకి దిగాలనుకునేవాళ్లు… వీళ్లందరికీ ఏదో ఒక రోజు ట్రేడ్ జర్నల్స్‌తో పని పడుతుంది. రీసెర్చ్ మెథడాలజీ క్లాసుల్లో మాత్రం వీటి గురించి గట్టిగా చెప్పడం అరుదు. గాల్లో చెప్పడం కంటే ఒక రంగాన్ని పట్టుకుని చెప్తే బుర్రకెక్కుతుందని ఇక్కడ రొయ్యల సాగును తీసుకున్నాను. భీమవరం, నెల్లూరు వైపు వాళ్లకు ఇది ఇంట్లో మాట. మీ సబ్జెక్టు ఫార్మా అయినా, సిమెంటు అయినా వెతికే పద్ధతి మారదు.

ట్రేడ్ జర్నల్ అంటే అసలు ఏమిటి?

ఒక వ్యాపారంలోనో వృత్తిలోనో ఉన్నవాళ్ల కోసం, ఆ రంగం గురించే వచ్చే పత్రిక. రొయ్యల రంగంలో దాన్ని చదివేది హేచరీ (రొయ్య పిల్లలను పుట్టించే కేంద్రం) నడిపేవాళ్లు, మేత కంపెనీల టెక్నీషియన్లు, ప్రాసెసింగ్ ప్లాంట్ల యజమానులు, ఎగుమతిదారులు, పెద్ద రైతులు. అందుకే వనామీ (ఇప్పుడు మన చెరువుల్లో ఎక్కువగా పెంచే రొయ్య రకం) అంటే ఏమిటో, ఈహెచ్‌పీ (రొయ్య ఎదుగుదలను దెబ్బతీసే జబ్బు) ఏ రోగమో అందులో వివరించరు. చదివేవాళ్లకు అవన్నీ తెలుసు కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్లిపోతారు. బయటి నుంచి వచ్చిన విద్యార్థికి మొదటి రెండు మూడు సంచికలు కొరుకుడు పడకపోవడానికి కారణం ఇదే.

ఇవి నిన్న మొన్న పుట్టినవి కావు. ఓడల రాకపోకల వార్తలిచ్చే లాయిడ్స్ లిస్ట్ లండన్‌లో 1734లో మొదలై, 2013లో అచ్చు ఆపి ఆన్‌లైన్‌కు మారింది. అమెరికాలో బిల్‌బోర్డ్ 1894లో, వెరైటీ 1905లో వచ్చాయి. ఇప్పుడు పాటల చార్టులకు పేరుపడిన బిల్‌బోర్డ్ మొదట్లో గోడ పోస్టర్ల వ్యాపారం వాళ్ల పత్రిక! మన దగ్గర ఇండియన్ టెక్స్‌టైల్ జర్నల్ 1890 నాటిది. చేపలు, రొయ్యల సంగతికొస్తే విశాఖపట్నం నుంచి వచ్చిన ఫిషింగ్ చైమ్స్, హైదరాబాద్ నుంచి వచ్చే ఆక్వా ఇంటర్నేషనల్ మన ప్రాంతపు పేర్లు. విదేశీ పేర్లు కావాలంటే ఇంట్రాఫిష్, అండర్‌కరెంట్ న్యూస్, సీఫుడ్‌సోర్స్.

పేరులో ‘జర్నల్’ అని ఉంటే అది అకడమిక్ పత్రికే కదా?

కాదు. వాల్ స్ట్రీట్ జర్నల్ దినపత్రిక. ఇండియన్ టెక్స్‌టైల్ జర్నల్ ట్రేడ్ పత్రిక. ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిషరీస్ అకడమిక్ పత్రిక. మూడింటి పేర్లలోనూ జర్నల్ ఉంది.

పేరు వదిలేసి సంచిక తెరిచి చూడండి. రొయ్యలను చంపే తెల్లమచ్చ వ్యాధి గురించి అకడమిక్ జర్నల్‌లో వ్యాసం వస్తే, ముందు సారాంశం, తర్వాత ఏ చెరువుల నుంచి ఎన్ని శాంపిళ్లు తీశారు, ఏ పరీక్ష చేశారు, ఫలితాలు, చివర్లో పొడవాటి రిఫరెన్సుల జాబితా ఉంటాయి. అచ్చు కాకముందే అదే సబ్జెక్టులోని వేరే పరిశోధకులు దాన్ని పరిశీలిస్తారు. పీర్ రివ్యూ అంటే అదే. అదే వ్యాధి గురించి ట్రేడ్ జర్నల్ రాస్తే, ఈ సీజన్‌లో ఏ ప్రాంతంలో ముందే పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టేయడం) చేసేస్తున్నారు, దాంతో చిన్న సైజు రేటు ఎలా పడిపోయింది, ఏ కంపెనీ కొత్త టెస్ట్ కిట్ తెచ్చింది అన్నది ఉంటుంది. రాసింది ఆ పత్రిక విలేకరో, పరిశ్రమలో పనిచేసే మనిషో అయి ఉంటారు. చూసేది ఎడిటర్ ఒక్కరే. పేజీ తిప్పితే మేత కంపెనీ ప్రకటన.

అన్నదాత, రైతునేస్తం లాంటి తెలుగు వ్యవసాయ పత్రికలు మూడో రకం. చెరువు గట్టు మీద నిలబడ్డ రైతు రేపు ఏం చేయాలో అవి చెప్తాయి. రీసెర్చ్‌లో వీటికీ చోటుంది, కానీ వీటిని ట్రేడ్ జర్నల్ గంపలో వేయకండి.

ఐఎస్ఎస్ఎన్ నంబర్ ఉంటే అది పీర్ రివ్యూ ఉన్నట్టేనా?

లేదు. ఆ ఎనిమిది అంకెల నంబర్ ఫలానా పత్రిక ఇది అని గుర్తుపట్టడానికే. నాణ్యతకు అది ముద్ర కాదు. సినిమా వారపత్రికకూ ఉండొచ్చు, మేటి సైన్స్ జర్నల్‌కూ ఉండొచ్చు. మన దేశంలో దీన్ని ఢిల్లీలోని నేషనల్ సైన్స్ లైబ్రరీ ఇస్తుంది. ‘ఐఎస్ఎస్ఎన్ ఉన్న అంతర్జాతీయ జర్నల్’ అని ఊదరగొట్టే మెయిల్స్ వస్తే, ఆ నంబర్ చూసి మురిసిపోకండి.

మా గైడ్ ‘పీర్ రివ్యూ అయినవే వాడాలి’ అంటున్నారు. మరి ఇవి వాడొచ్చా?

మీ గైడ్ మాట సిద్ధాంతం, నిరూపణల వరకు సరైనదే. ఒక ప్రోబయోటిక్ (చెరువులో వాడే, మేలు చేసే సూక్ష్మజీవుల మందు) పనిచేస్తుందని చెప్పడానికి ట్రేడ్ జర్నల్‌ను ఆధారంగా చూపిస్తే వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ముందు మీరే ఇరుక్కుంటారు. కానీ 2012 వేసవిలో ఆ ప్రోబయోటిక్‌ను ఏయే కంపెనీలు అమ్మేవి, ఏం చెప్పి అమ్మేవి అన్నది మీ ప్రశ్న అయితే పీర్ రివ్యూ జర్నల్ నోరు విప్పదు. అక్కడ ట్రేడ్ జర్నలే మీకు ప్రాథమిక ఆధారం.

గైడ్‌తో వాదించే బదులు, ఏ చాప్టర్‌లో దేనికి వాడుతున్నారో ఒక పేరాలో రాసి చూపించండి. ‘పరిశ్రమ నేపథ్యం, ధరల తీరు, కంపెనీల ప్రకటిత వైఖరి కోసం ట్రేడ్ పత్రికలు, కారణాలు, ఫలితాల కోసం పీర్ రివ్యూ పత్రాలు’ అని స్పష్టంగా ఉంటే చాలామంది ఒప్పుకుంటారు.

అకడమిక్ జర్నల్‌లో దొరకనిది వీటిలో ఏముంటుంది?

మొదటిది వేగం. పరిశోధన పత్రం రాయడం, రివ్యూకి వెళ్లడం, దిద్దడం, అచ్చుకావడం – ఇదంతా అయ్యేసరికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఎగుమతిదారులు ఏమన్నారు, కొనుగోలుదారులు ఆర్డర్లు ఎటు తిప్పారు అన్నది సీఫుడ్ ట్రేడ్ పత్రికల్లో ఆ వారమే వచ్చింది.

రెండోది, మనుషులు. ఎవరు ఏ కంపెనీకి మారారు, ఏ ప్లాంట్ చేతులు మారింది, సంఘం సమావేశంలో ఎవరు ఏ డిమాండ్ పెట్టారు – ఇవి పరిశోధన పత్రాలకు ఎక్కవు. ఒక పరిశ్రమ ఎలా నిర్ణయాలు తీసుకుంటుందో అర్థం కావాలంటే ఈ చిల్లర వార్తలే దిక్కు.

మూడోది, నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది, ప్రకటనలు. విద్యార్థులు సాధారణంగా వీటిని దాటేస్తారు. మన రొయ్యల చరిత్రనే చూడండి. 1990ల మొదట్లో తీరమంతా టైగర్ రొయ్య ఊపు. 1994–95లో తెల్లమచ్చ విరుచుకుపడింది. 1996 డిసెంబరులో తీరప్రాంత రొయ్యల సాగు మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేశారు. 2009లో వనామీకి అనుమతి దొరికింది. ఈ తేదీలన్నీ ఏ నివేదికలోనైనా దొరుకుతాయి. కానీ చెరువుల దగ్గర మార్పు ఎప్పుడు, ఎంత జోరుగా వచ్చిందో తెలియాలంటే 2007 నుంచి 2013 దాకా సంచికలు ముందేసుకుని ప్రకటనలు లెక్కపెట్టండి. టైగర్ సీడ్ ప్రకటనలు ఏ నెలలో పలచబడ్డాయి? వనామీ తల్లి రొయ్యలు అమ్మే విదేశీ కంపెనీల పేర్లు మొదట ఎప్పుడు కనిపించాయి? ఏరియేటర్లకు (నీటిలో గాలి కలిపే యంత్రాలు), పీసీఆర్ ల్యాబులకు (వ్యాధి పరీక్షలు చేసేవి), ప్రోబయోటిక్స్‌కు పేజీలు ఎంత పెరిగాయి? ఒక పట్టిక గీస్తే అదే ఒక చాప్టర్. డబ్బు పెట్టి వేయించుకున్నవి కాబట్టి, అమ్మేవాడు ఆ నెలలో మార్కెట్ ఎటు పోతుందనుకున్నాడో ప్రకటన చెప్పేస్తుంది. వ్యాసాల్లో ఇంత నిజాయితీ ఉండదు.

ఇన్ని ప్రకటనలుంటే వార్తలను ఎలా నమ్మాలి?

సగం నమ్మాలి. ఏ సగమో తెలుసుకోవడమే పని.

ముందు డబ్బు ఎటు నుంచి వస్తోందో చూడండి. చాలా ట్రేడ్ జర్నల్స్‌కు చందాల మీద వచ్చేది తక్కువ, ప్రకటనల మీద వచ్చేది ఎక్కువ. కొన్ని పత్రికలు ఆ రంగంలో కొనే స్థాయిలో ఉన్నవాళ్లకు ఉచితంగానే పంపిస్తాయి. ‘మా పాఠకుల్లో ఇంతమంది ప్లాంట్ మేనేజర్లు’ అని ప్రకటనదారులకు చూపించుకోవడానికి అది పనికొస్తుంది. అలాంటి పత్రిక తన పెద్ద ప్రకటనదారు మేతలో లోపముందని రాయడం కష్టం. అబద్ధం రాయకపోవచ్చు, ఊరుకుంటుంది అంతే. కాబట్టి ఏం రాశారో చూసినంత శ్రద్ధగా ఏం రాయలేదో కూడా చూడాలి. చెరువుల్లో నష్టాలొచ్చి రైతులు క్రాప్ హాలిడే అంటున్న నెలలో సంచిక నిండా ‘ఉజ్వల భవిష్యత్తు’ వ్యాసాలుంటే, ఆ ఖాళీ కూడా మీకు ఒక సమాచారమే.

తెలుగు సినిమా వార్తలు చదివేవాళ్లకు ఇది బాగా అలవాటైన సంగతే. ‘ట్రేడ్ వర్గాల సమాచారం ప్రకారం’ అని మొదలయ్యే కలెక్షన్ల వార్తలో అది గ్రాసా (మొత్తం వసూలు), షేరా (పంపిణీదారు వాటా) అని ముందు చూసుకుంటాం. ఎవరు చెప్పారు, చెప్పడం వల్ల వాళ్లకేం లాభం అని ఆలోచిస్తాం. రొయ్యల పత్రికైనా, సిమెంటు పత్రికైనా అదే అనుమానంతో చదవండి.

పట్టుకునే మార్గాలు కొన్ని ఉన్నాయి. ఒక వాక్యాన్ని కోట్‌లలో పెట్టి గూగుల్‌లో వెతకండి. అదే వాక్యం మూడు పత్రికల్లో కనిపిస్తే అది కంపెనీ పంపిన ప్రెస్ నోట్. రచయిత పేరు కింద హోదా చూడండి. మేత కంపెనీ టెక్నికల్ మేనేజర్ మేత గురించి రాస్తే అది నిపుణుడి మాట, అమ్మకందారు మాట కూడా. పేజీ మూలన చిన్న అక్షరాల్లో ‘స్పాన్సర్డ్’ అనో, ‘పార్ట్‌నర్ కంటెంట్’ అనో ఉందేమో చూడండి. అంకెలు ఇస్తే అవి ఎక్కడివో చూడండి. ఎగుమతుల లెక్కలైతే ఎంపెడా దగ్గర సరిచూసుకోవచ్చు. కొచ్చిలో ఉన్న ఈ సంస్థ 1972 నుంచి సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల వ్యవహారం చూస్తోంది.

పత్రికలో రాసిన రొయ్య రేటు మా ఊరి రేటుకు అసలు సరిపోలడం లేదు. ఏది తప్పు?

రెండూ సరైనవే కావొచ్చు. చెరువు దగ్గర కౌంట్ అంటే తలతో సహా కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయి అని. అమెరికా మార్కెట్ రిపోర్టుల్లో 21/25, 26/30 అని కనిపించేది ఎక్కువగా తల తీసిన రొయ్యకు, అదీ పౌనుకు ఎన్ని అనే లెక్క. పౌను అంటే సుమారు 454 గ్రాములు.

ఒక లెక్క వేద్దాం. 30 కౌంట్ అంటే ఒక్కో రొయ్య 33 గ్రాములు. తల తీస్తే సుమారు 35 శాతం బరువు పోతుంది, 21–22 గ్రాములు మిగులుతుంది. పౌనుకు దాదాపు 21 తూగుతాయి. అంటే మన 30 కౌంట్ రొయ్య వాళ్ల 21/25 దరిదాపుల్లో పడుతుంది. ఇది తెలియక మన 30 కౌంట్ ధరను వాళ్ల 26/30 ధర పక్కన పెట్టి పోలిస్తే చాప్టర్ మొత్తం తలకిందులవుతుంది. దీనికి తోడు కరెన్సీ తేడా, ఓడ కిరాయి కలిపిన ధరా కలపనిదా అన్న తేడా కూడా ఉంటాయి. ట్రేడ్ జర్నల్‌లో ఏ ధర కనిపించినా ఏ సైజు, ఏ రూపం, ఏ కొలత, ఎక్కడి ధర అని నాలుగూ నోట్స్‌లో రాసుకోండి. ప్రతి రంగంలోనూ ఇలాంటి లోపలి కొలతలుంటాయి. పత్తికి క్యాండీ, నూలుకు కౌంటు ఉన్నట్టు.

ఏ పత్రికలున్నాయో పేర్లే తెలియవు. ఎక్కడ మొదలుపెట్టాలి?

కంప్యూటర్ ముందు కాదు. ఆ రంగంలో ఉన్న ఒకరిని అడగండి. ‘సార్, మీరు ఏ పత్రిక చదువుతారు?’ అంటే చాలు. మేత డీలర్ షాపులో, హేచరీ ఆఫీసులో, ల్యాబు రిసెప్షన్‌లో టేబుల్ మీద పడి ఉన్న పత్రికలే మీకు కావాల్సినవి. లైబ్రరీలో లేని పేర్లు అక్కడ దొరుకుతాయి.

తర్వాత ఎగ్జిబిషన్లు. హైదరాబాద్ హైటెక్స్‌లో ఏటా జరిగే పౌల్ట్రీ ఇండియా లాంటి వాటిలో ట్రేడ్ పత్రికలకు స్టాళ్లుంటాయి. సంచికలు ఉచితంగా పంచుతారు, పాత సంచికలు అడిగితే ఇచ్చేవాళ్లూ ఉంటారు. ఒక పెద్ద సంచి తీసుకెళ్లండి.

మన దేశంలో రిజిస్టరైన పత్రికల వివరాలు ప్రెస్ రిజిస్ట్రార్ జనరల్ ఆఫ్ ఇండియా వెబ్‌సైట్‌లో పేరు, భాష, రాష్ట్రం వారీగా వెతకొచ్చు. దీన్నే మొన్నటిదాకా ఆర్‌ఎన్‌ఐ అనేవాళ్లం. 2023 నాటి కొత్త చట్టం 2024 మార్చి 1న అమల్లోకి వచ్చాక పేరు మారింది. ప్రపంచ స్థాయిలో అయితే అల్రిచ్స్‌వెబ్ అనే పత్రికల డైరెక్టరీ ఉంది. ఒక పత్రిక అకడమికా, ట్రేడా, పీర్ రివ్యూ ఉందా లేదా అన్నది అందులో స్పష్టంగా ఉంటుంది. చందా ఉన్న లైబ్రరీలోనే తెరుచుకుంటుంది.

యూనివర్సిటీ డేటాబేస్‌లో వెతికితే ఒక్కటీ రావడం లేదు. ఎందుకు?

తొంభై పాళ్లు ఒకటే కారణం. ‘పీర్ రివ్యూడ్’ లేదా ‘స్కాలర్లీ’ అన్న గడిలో టిక్ పెట్టి ఉంటారు. అది తీసేయండి. ఎబ్‌స్కో వారి బిజినెస్ సోర్స్‌లో సోర్స్ టైప్ కింద ‘ట్రేడ్ పబ్లికేషన్స్’ అనీ, ప్రోక్వెస్ట్ వారి ఏబీఐ ఇన్‌ఫార్మ్‌లో ‘ట్రేడ్ జర్నల్స్’ అనీ ఉంటుంది. అదొక్కటే ఎంచుకుని వెతకండి. ఫ్యాక్టివా, నెక్సిస్ కూడా వీటికి మంచివే, కానీ మన దగ్గర అన్ని లైబ్రరీల్లో ఉండవు.

రెండో కారణం పదాలు. అకడమిక్ పదంతో వెతికితే ట్రేడ్ వ్యాసాలు తగలవు. ‘లిటోపినేయస్ వనామీ’ అని శాస్త్రీయ నామం కొట్టే బదులు ‘వనామీ ప్రైస్’, ‘ఫార్మ్‌గేట్’, ‘హార్వెస్ట్’, ‘ఆంధ్రా ష్రింప్’ లాంటి మాటలను ఇంగ్లిష్‌లో కొట్టండి. స్థలాల పేర్ల స్పెల్లింగ్ రెండు మూడు రకాలుగా ప్రయత్నించండి.

గూగుల్ స్కాలర్ ఈ పనికి పనికిరాదు. ట్రేడ్ పత్రికలు అందులో దాదాపు కనిపించవు.

వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ వచ్చింది కదా, దానిలో ఇవి దొరకవా?

ఆ పథకాన్ని కేంద్ర కేబినెట్ 2024 నవంబరులో ఆమోదించింది. 2025 జనవరి 1 నుంచి ప్రభుత్వ విద్యాసంస్థలకు 30 ప్రచురణ సంస్థల జర్నల్స్ సుమారు 13,000 అందుబాటులోకి వచ్చాయి. పరిశోధన పత్రాల కోసం కొట్టుకునే విద్యార్థికి ఇది పెద్ద ఊరట. కానీ ఉద్దేశించింది అకడమిక్ జర్నల్స్ కోసం. ట్రేడ్ పత్రికల కోసం దాని మీద ఆశ పెట్టుకోకండి. ప్రైవేటు కాలేజీల వాళ్లయితే మీ లైబ్రరీ డెల్‌నెట్ సభ్యత్వం గురించి అడగండి. ఇంకో లైబ్రరీలో ఉన్న వ్యాసం కాపీ తెప్పించుకునే దారి అది.

లాగిన్ లేదు, డబ్బు పెట్టలేను. ఉచితంగా ఏం దొరుకుతుంది?

అనుకున్నదానికంటే చాలా. గ్లోబల్ సీఫుడ్ అలయన్స్ నడిపే పత్రిక ‘అడ్వొకేట్’ ఆన్‌లైన్‌లో ఉచితం. ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ నడిపే గ్లోబ్‌ఫిష్ మార్కెట్ నివేదికలు ఉచితం. పెయిడ్ పత్రికలు కూడా రోజువారీ న్యూస్‌లెటర్‌ను ఉచితంగా పంపుతాయి. మొత్తం వార్త తెరుచుకోకపోయినా హెడ్‌లైన్, తేదీ, మొదటి పేరా దొరికితే అదే విషయం వేరే చోట వెతుక్కోవచ్చు.

మన రంగానికి ఒక మంచి చిట్కా ఉంది. కొచ్చిలోని సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) తమ శాస్త్రవేత్తలు రాసినవన్నీ ఉంచే ఉచిత ఆన్‌లైన్ భాండారం నడుపుతుంది. శాస్త్రవేత్తలు ఫిషింగ్ చైమ్స్ లాంటి పత్రికలకు రాసిన వ్యాసాలు కూడా అందులో పీడీఎఫ్‌లుగా ఉన్నాయి. పత్రిక అసలు సంచిక దొరక్కపోయినా వ్యాసం దొరుకుతుంది. మీ రంగంలో ప్రభుత్వ పరిశోధన సంస్థ ఉంటే అక్కడా ఇలాగే చూడండి.

సినిమా చరిత్ర వాళ్లకు ల్యాంటర్న్ అనే వెతుకుడు సాధనం పండగే. పాత అమెరికన్ సినిమా ట్రేడ్ పత్రికలను స్కాన్ చేసి, లోపలి అక్షరం అక్షరం వెతికేలా మీడియా హిస్టరీ డిజిటల్ లైబ్రరీ అందరికీ తెరిచి పెట్టింది. వందేళ్ల కిందటి ఇతర రంగాల పత్రికలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో, హాతీట్రస్ట్‌లో ఉన్నాయి.

పాత సంచికలు కావాలి, ఆన్‌లైన్‌లో లేవు. ఎక్కడికి వెళ్లాలి?

చట్టం ప్రకారం మన దేశంలో అచ్చయ్యే పత్రికలు కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరా లైబ్రరీకి, ముంబై, ఢిల్లీల్లోని మరో రెండు లైబ్రరీలకు కాపీలు పంపాలి. 1954 నాటి చట్టం అది, 1956 సవరణతో పత్రికలూ దాని కిందికి వచ్చాయి. అయితే అందరూ పంపరు, పంపినవన్నీ అలమరాకెక్కవు. వెళ్లే ముందు కేటలాగ్ చూసుకోండి, కుదిరితే ఫోన్ చేయండి. తెలుగువాళ్లకు కన్నెమరా దగ్గర.

ఆక్వా పత్రికలకైతే పెద్ద జనరల్ లైబ్రరీల కంటే చిన్న ప్రత్యేక లైబ్రరీలే మేలు. నెల్లూరు దగ్గర ముత్తుకూరు మత్స్య కళాశాల, కాకినాడలోని సీఐఎఫ్ఈ (కేంద్ర మత్స్య విద్యా సంస్థ) కేంద్రం, చెన్నైలోని సీబా (ఉప్పునీటి ఆక్వా పరిశోధన సంస్థ) – ఇలాంటి చోట్ల ముందు అడగండి. గైడ్ సంతకంతో, కాలేజీ లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం పట్టుకెళ్తే గేటు దగ్గర టెన్షన్ ఉండదు.

అక్కడా లేకపోతే పత్రిక ఆఫీసుకే రాయండి. ఎడిటర్లు సాధారణంగా సంతోషిస్తారు. తమ పాత సంచికలు ఎవరో పరిశోధనకు వాడుతున్నారంటే ఎవరికి ఇష్టముండదు?

తెలుగులో ట్రేడ్ జర్నల్స్ లేవా?

ఉన్నవి తక్కువ. వ్యవసాయం పక్కన పెడితే, తెలుగు ప్రాంతాల పరిశ్రమ పత్రికలు కూడా ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే వస్తాయి. ప్రకటనలిచ్చే కంపెనీలు దేశమంతటి నుంచి ఉంటాయి, కొనుగోలుదారు కర్ణాటకలోనో గుజరాత్‌లోనో ఉండొచ్చు, అందుకని. రొయ్యల రోజువారీ రేట్లు, చెరువుల కబుర్లు తెలుగులో నడిచేది వాట్సాప్ గ్రూపుల్లో, యూట్యూబ్ ఛానళ్లలో, జిల్లా ఎడిషన్ పేజీల్లో. వీటినీ ఆధారంగా తీసుకోవచ్చు. కానీ వాట్సాప్ మెసేజ్ రేపు ఉండదు. తేదీతో స్క్రీన్‌షాట్ తీసి, గ్రూపులోని వాళ్ల పేర్లూ నంబర్లూ చెరిపేసి దాచుకోండి.

పాత తెలుగు పత్రికల కోసం వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాద్‌లో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం చూడదగ్గవి.

సైటేషన్ ఎలా ఇవ్వాలి?

ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) పద్ధతిలో మేగజైన్‌కు ఇచ్చినట్టే. రచయిత పేరు, బ్రాకెట్‌లో సంవత్సరంతో పాటు నెల, వ్యాసం పేరు, ఇటాలిక్‌లో పత్రిక పేరు, సంపుటి, సంచిక, పేజీలు. రచయిత పేరు లేకపోతే వ్యాసం పేరుతో మొదలుపెట్టండి. చాలామంది నెల వదిలేస్తారు. ధరల గురించి రాసేటప్పుడు నెల లేకపోతే ఆ రిఫరెన్స్ ఎందుకూ కొరగాదు.

ప్రకటనను ఆధారంగా చూపిస్తే కంపెనీ పేరు, ‘ప్రకటన’ అన్న మాట, పత్రిక, సంచిక, పేజీ రాయండి. ఆన్‌లైన్ వార్త అయితే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో అప్పటికప్పుడే భద్రం చేసి ఆ లింకు కూడా ఉంచుకోండి. ట్రేడ్ సైట్లు చేతులు మారినప్పుడు పాత పేజీలు ఎగిరిపోవడం మామూలే.

ఏఐ చాట్‌బాట్‌ను అడిగితే పత్రిక పేరు, వ్యాసం పేరు, సంచికతో సహా ఇచ్చింది. వాడుకోవచ్చా?

ఆ సంచిక కళ్లతో చూసేదాకా వద్దు. నిజమైన పత్రిక పేరుకు లేని వ్యాసం తగిలించి ఇవ్వడం వాటికి అలవాటు. ట్రేడ్ జర్నల్స్ చాలావరకు ఆన్‌లైన్‌లో ఉండవు కాబట్టి తప్పు పట్టుకోవడం ఇంకా కష్టం. వెతకడానికి పదాలు సూచించమనండి, అంతవరకు మంచి సాయం.

ట్రేడ్ జర్నల్‌లో నా వ్యాసం వచ్చింది. పీహెచ్‌డీకి పబ్లికేషన్‌గా లెక్కవుతుందా?

సాధారణంగా కాదు. యూజీసీ 2022 నిబంధనల్లో థీసిస్ సమర్పణకు ముందు పబ్లికేషన్ తప్పనిసరి అన్న షరతు తీసేసింది, తాను గుర్తించిన జర్నల్స్ పట్టిక అయిన కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. అయినా చాలా యూనివర్సిటీలకు సొంత నియమాలున్నాయి, అవి అడిగేది పీర్ రివ్యూనే. మీ రీసెర్చ్ సెక్షన్‌లో కనుక్కోండి. అలాగని రాయడం దండగ కాదు. మీ పేరు పరిశ్రమలో తెలుస్తుంది, ఇంటర్వ్యూలకు తలుపులు తెరుచుకుంటాయి.

డబ్బు తీసుకుని ఏదైనా అచ్చేసే దొంగ జర్నల్స్‌ను మాత్రం ట్రేడ్ జర్నల్స్‌తో కలపకండి. ట్రేడ్ పత్రిక ప్రకటనదారు దగ్గర తీసుకుంటుంది. దొంగ జర్నల్ మీ దగ్గర తీసుకుంటుంది.

వ్యాసంలో ఉన్న ఎగుమతిదారును నేరుగా సంప్రదించవచ్చా?

తప్పకుండా. ట్రేడ్ జర్నల్‌ను ఇంటర్వ్యూలకు పేర్ల జాబితాగా వాడుకోవడం మంచి పద్ధతి. ‘ఫలానా నెల సంచికలో మీరు ఫలానా మాట అన్నారు సార్, దాని గురించి పది నిమిషాలు అడగాలి’ అని మొదలుపెడితే, ఊరికే ‘నేను పీహెచ్‌డీ స్టూడెంట్‌ని’ అనే ఫోన్‌కాల్ కంటే మర్యాదగా వింటారు. సీజన్ చూసుకుని చేయండి. పట్టుబడులు ముమ్మరంగా ఉన్న రోజుల్లో ప్లాంట్ వాళ్లకు ఫోన్ ఎత్తే తీరిక ఉండదు. పత్రికలో అచ్చయిన మాటకు పేరు పెట్టొచ్చు. మీతో ఫోన్‌లో చెప్పినదానికి మాత్రం పేరు వాడుకోవచ్చో లేదో అడిగి, ఒప్పుకుంటే మెయిల్‌లో రాయించుకుని థీసిస్ ఫైల్‌లో పెట్టుకోండి.